కుడి మలుపులో ఆగిన ఇంజను

ఎత్తిన గొడ్డలిని దించనివ్వకుండానే పోయినవారం రాజులమ్మను ఘాటీ మలుపులో వదిలేసి వచ్చాం. మనకు వారం గడిచింది గానీ ఆమెకు రెప్పపాటు కూడా గడవలేదు. గొడ్డలి ఇంకా గాలిలోనే ఉంది. దాని కింద ఉన్న మెడ లారీ డ్రైవరు భీముడిది.

ఆ మెడ అక్కడికి ఎలా వచ్చిందో తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. పాచిపెంట ఘాటీలో రాజులమ్మ ఊరు జీలుగువలస దాటగానే ఒక పెద్ద కుడి మలుపు ఉంది. కిందటి కార్తీకంలో ఒక ముక్కు లారీ సంత జనాన్ని ఎక్కించుకుని ఆ మలుపు దిగుతోంది. ఎప్పుడో మిలటరీవాళ్లు వేలంలో వదిలించుకున్న ముసలి పెట్రోలు బండి అది. మలుపు తిరగలేక రోడ్డు అంచుకు పోయి పక్కకు ఒరిగింది. పైన కూర్చున్న జనం లోయలో రాళ్ల మీద పడ్డారు. చచ్చినవాళ్లలో రాజులమ్మ ఒక్కగానొక్క కూతురు చిట్టి ఉంది. తల్లీ కూతుళ్లు సంత బస్తాల మీద పక్కపక్కనే కూర్చున్నారు. తల్లి బతికి బయటపడింది.

భీముడు అప్పటినుంచి ఒకటే మాట చెబుతున్నాడు. మలుపులో ఇంజను దానంతటదే ఆగింది, మళ్లీ లేపుదామని క్లచ్చి తొక్కితే బండి జోరందుకుంది, బ్రేకు తొక్కితే రాయిని తొక్కినట్టయింది అని. ఎవరు నమ్ముతారు? ఆ ఘాటీలో దిగుడు వచ్చిందంటే డ్రైవర్లందరూ తాళం కట్టేసి బండిని ఊరికే జారనిస్తారు. పెట్రోలు మిగిల్చినవాడే అక్కడ మొనగాడు. పైగా ఒరిగిన లారీలో తాళంచెవి కట్టేసిన వైపు తిరిగి ఉండటం ఊరంతా చూసింది. ఇంకేం కావాలి? భీముడు జైలుకు పోయాడు. బెయిలు మీద వచ్చాడు. వచ్చిన వేళ మాత్రం మంచిది కాదు.

చైత్రమాసం, ఇటికెల పండుగ. మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి వేటకు పోయే రోజులు. వట్టి చేతులతో దిగివస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి, పాటలు కట్టి పరువు తీస్తారు. ఈసారి అడవి కుందేలును కూడా ఇవ్వలేదు. ఉడికిపోతూ దిగివస్తున్న గుంపుకు రోడ్డు మీద భీముడు ఎదురుపడ్డాడు. రాజులమ్మ తమ్ముడు వరహాలు అందరికంటే ముందు నోరు తెరిచాడు. "ఈ ఏడు మన ఏట ఈడే" అన్నాడు. మలుపు పక్కన పెట్టి ఉంచిన అదే లారీ బంపరుకు భీముడిని కట్టేసి, గొడ్డలి తెచ్చి అక్క చేతిలో పెట్టింది కూడా వరహాలే. ఆమె దాన్ని ఎత్తింది. అప్పుడు వినిపించిన కేక దగ్గరే మనం ఆగాం.

"ఆగత్తా! మా అన్న ఆపనేదు! ఇంజనే ఆగింది! సూపిత్తాను, ఆగు!"

కేక వేసినవాడు ఫల్గుణ, భీముడి తమ్ముడు. పాతికేళ్లు దాటినవాడు. సాలూరులో లారీలకు వైరింగు పని చేస్తాడు. అన్నను పట్టుకున్నారని తెలిసి, భుజాన లారీ బ్యాటరీ పెట్టుకుని ఎత్తు రోడ్డంతా పరుగు మీద వచ్చాడు. బ్యాటరీలోని యాసిడ్ కారి చొక్కా చిల్లులు పడింది. చిల్లుల్లోంచి కనిపిస్తున్న చర్మం ఎర్రగా పొంగి ఉంది. వాడికి ఆ మంట తెలుస్తున్నట్టే లేదు.

వాడు బ్యాటరీ కింద పెట్టాడో లేదో, వెదురు కర్ర ఒకటి మోకాళ్ల వెనక పడింది. బోర్లా పడినవాడి మీద కాళ్లు లేచాయి. పక్కటెముకల మీద, వీపు మీద, ఎవరికి అందినచోట వాళ్లు తన్నారు. పొద్దుటి నుంచి అడవిలో ఖాళీగా తిరిగిన కోపం అది. దానికి ఒక ఒళ్లు దొరికింది. "ఒగ్గీండిరా నా తమ్ముడ్ని!" అని బంపరు దగ్గర భీముడు అరవబోతే, ఊడిన పళ్ల సందుల్లోంచి రక్తమే వచ్చింది గానీ మాట తిన్నగా రాలేదు.

అప్పుడు తుపాకీ పేలింది. ఊరి పెద్ద యర్రయ్య తన నాటు తుపాకీని ఆకాశంలోకి కాల్చాడు. చెట్ల మీది పిట్టలన్నీ లేచిపోయాయి. తన్నుతున్న కాళ్లు ఆగాయి.

"సంపడానికి బోలెడు పొద్దుంది" అన్నాడు యర్రయ్య, గొంతు పెంచకుండా. "ఈడేటో సూపిత్తానంటన్నాడు. సూపనీండి. సూపలేకపోతే అన్నదమ్ములిద్దర్నీ ఒకే గోతిలో ఎట్టీగలం."

రాజులమ్మ గొడ్డలి దించింది. ఒప్పుకుని కాదు, అంతసేపు ఎత్తి పట్టుకున్న బరువుకు. భీముడి ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. విల్లు కర్ర దెబ్బకు మణికట్టు వంకర తిరిగింది. ఆ ఆకారాన్ని చూస్తే ఎవరికైనా జాలి వేయాలి. ఆమెకు వేయలేదు. కార్తీకం నుంచి ఆమె తింటున్నది గంజి కాదు, కోపం. ఆ కోపమే లేకపోతే ఏనాడో చిట్టిని పాతిన చోటే పడుకుని లేవకుండా ఉండిపోయేది. భీముడు చావాలి. అది ఒక్కటే ఆమె బతుక్కి మిగిలిన పని.

"మొన్న బండి కొంటామని సాలూరోళ్లొచ్చి ఇంజను ఆడించి సూసుకున్నారు గదా తాతా!" వరహాలు ముందుకొచ్చాడు. "ఆగకుండా ఆడింది. మన కళ్లతోటే సూసినాం. ఇంకేటి సూసీది?"

"ఇంజను సంగతి కాదు మావా. తాళం తీగ సంగతి" అన్నాడు ఫల్గుణ, మోచేతుల మీద లేస్తూ.

వాడు జేబులోంచి ఒక చిన్న బల్బు తీశాడు. దానికి రెండు పొడుగాటి వైర్లు ఉన్నాయి. ఒక కొసను లారీ ఇనుముకు తగిలించాలట, రెండో కొసను ఏ తీగకు ముట్టిస్తే ఆ తీగలో కరెంటు ఉన్నదీ లేనిదీ బల్బు చెబుతుందట. బ్యాటరీ బిగించాక వాడు బల్బును తిన్నగా రాజులమ్మ దగ్గరికే తెచ్చాడు.

"నువ్వే పట్టుకో అత్తా. నాను పట్టుకుంటే ఏదో కనికట్టు సేసినానంటారు. కన్న గుంటని పోగొట్టుకున్నది నువ్వు. నీ సేతిలో ఎలిగితే ఎలిగినట్టు, ఆరితే ఆరినట్టు."

ఆమెకు బల్బు అక్కర్లేదు. అయినా గుంపంతా చూస్తోంది. గొడ్డలిని తమ్ముడి చేతికిచ్చి బల్బు అందుకుంది.

ఫల్గుణ ఒక్కొక్క చోటా రెండో కొస ముట్టిస్తూ పోయాడు. బ్యాటరీ నుంచి తాళం వెనక్కి వచ్చే తీగ దగ్గర బల్బు వెలిగింది. తాళం తిప్పాక, తాళంలోంచి బయటికి పోయే తీగ దగ్గరా వెలిగింది. ఆమెను ముందుకు తీసుకొచ్చి, లారీ ముక్కు మీది రేకు ఎత్తి, ఇంజనుకు నిప్పు పుట్టించే కాయిలు దగ్గర కొస బిగించాడు. అక్కడా వెలిగింది. కేబిన్లోకి ఎక్కి తాళాన్ని అటూ ఇటూ కుదిపాడు. తాళం బిగించిన చెక్క మీద పిడికిలితో గుద్దాడు. కింద వేలాడుతున్న తీగలన్నింటినీ లాగి చూశాడు. బల్బు వెలుగుతూనే ఉంది. చివరికి స్టార్టరు నొక్కితే ఇంజను ఒక్కసారి తుమ్మి అందుకుంది. ముసలి బండే గానీ గొంతు మాత్రం బాగుంది.

"ఆడతంది!" అని అరిచాడు వరహాలు. "సూడండి, ఎంత బాగా ఆడతందో! పీనుగుల్ని తిని కూడా అబద్ధాలాడతన్నారు అన్నదమ్ములు!"

ఫల్గుణ మొహం మాడిపోయింది. గుంపులోంచి వచ్చిన రాయి వాడి చెవి మీద తగిలింది. వరహాలు వాడిని జుట్టు పట్టి కేబిన్లోంచి ఈడ్చి రోడ్డు మీద పడేశాడు. కడుపులో తన్నాడు. వాడు ముడుచుకుపోతే మొహం మీద తన్నాడు. ఇక ఆపేవాళ్లు లేరు. యర్రయ్య తుపాకీలో ఉన్నది ఒక్క గుండే, అది ఆకాశానికి పోయింది. ఇంజను మాత్రం ఎవరి గొడవా పట్టనట్టు ఆడుతూనే ఉంది.

"ఇలాతే" అంది రాజులమ్మ, గొడ్డలి కోసం చెయ్యి చాపి.

ఆమె కాళ్ల దగ్గర నుంచి ఒక మాట వచ్చింది. "సక్రం."

భీముడు తల ఎత్తలేక ఎత్తాడు. "సక్రం తిప్పనేదు ఆడు. తిన్నగా ఉంటే ఆగదు. మలుపులో తిప్పినాకే ఆగింది. కుడికి తిప్పమను అత్తా. ఆకరి దాకా తిప్పమను."

విననట్టు ఊరుకోవచ్చు. ఇంజను చప్పుడులో ఆ మాట ఆమెకు తప్ప ఎవరికీ వినపడలేదు. కానీ చచ్చేముందు ఎవడైనా ప్రాణం కోసం ఏడుస్తాడు, తల్లినో దేవతనో పిలుస్తాడు. స్టీరింగు చక్రం తిప్పమని అడిగేవాడిని ఆమె ఎక్కడా చూడలేదు. చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఆడ్నొగ్గు వరాలూ" అంది. "సక్రం తిప్పమంటన్నాడు. తిప్పనీ."

"అప్పా, నీకు మతి పోనాదేటి?"

"తిప్పనీ అంటన్నాను!"

ఆమె అలా అరవడం కార్తీకం తర్వాత ఎవరూ వినలేదు. వరహాలు కాలు వెనక్కి తీసుకున్నాడు.

ఫల్గుణ పాక్కుంటూ వెళ్లి కేబిన్ ఎక్కాడు. చెవి నుంచి రక్తం మెడలోకి కారుతోంది. నిలబడిన లారీకి చక్రం తిప్పడం మామూలు పని కాదు. లేచి నిలబడి, రెండు చేతులా వేలాడి తిప్పాడు. కంకర మీద టైర్లు కరకరలాడాయి. సగం తిరిగింది. బల్బు వెలుగుతోంది. ముప్పాతిక తిరిగింది. వెలుగుతూనే ఉంది. వాడు పళ్లు బిగబట్టి, ఒళ్లంతా వేసి ఆఖరి లాగు లాగాడు.

రాజులమ్మ చేతిలో బల్బు ఆరిపోయింది. ఇంజను ఒక దగ్గు దగ్గి చచ్చింది.

అంత చప్పుడు తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో, కేబిన్లోంచి సన్నగా పొగ, దాని వెంట కాలుతున్న రబ్బరు వాసన వచ్చాయి.

ఆ వాసన ముక్కుకు తగలగానే రాజులమ్మకు కార్తీకంలోని ఆ రోజు తిరిగొచ్చింది. ఆమె మళ్లీ బస్తాల మీద ఉంది. పక్కన చిట్టి ఉంది, తలలో బంతిపువ్వు, చేతిలో కొరికిన జామకాయ. ఆ రోజు, సంత జనాన్ని తోలే మామ వరహాలు జీపు వద్దు, లారీ మీద ఎక్కుదామే, కొండలన్నీ కనిపిస్తాయి అని ప్రాణం తీసి ఎక్కించింది పిల్లే. మలుపు వచ్చింది. "అమ్మా, ఏటో మాడతంది" అంది చిట్టి. "బ్రేకు వాసనలే, నోరు మూసుకుని గట్టిగా అట్టుకో" అంది తను. కూతురితో ఆమె ఆడిన చివరి మాట అది. నోరు మూసుకో అని కసిరింది. ఆ మాటను ఇన్ని నెలలుగా ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా చెప్పుకోలేదు.

"ఇంకోపాలి" అంది.

ఫల్గుణ చక్రాన్ని తిన్నగా తెచ్చాడు. బల్బు వెలిగింది, ఇంజను లేచింది. కుడికి తిప్పాడు. ఆరింది, ఆగింది. మళ్లీ అదే వాసన. గుంపులో ఒకడు కర్ర కింద పడేశాడు. ఆ లారీలోనే తమ్ముడిని పోగొట్టుకున్న ఇంకొకడు రోడ్డు మీదే చతికిలబడ్డాడు.

"మరి తాళంచెవి కట్టీసి ఎందుకుంది?" యర్రయ్య భీముడిని అడిగాడు. అడిగిన తీరు మారింది.

"ఆగిపోతే మళ్లీ లేపాలి గదా తాతా. కట్టి తిప్పాల. కట్టినాను. తిప్పీలోగానే..." భీముడు ఏడ్చాడు. కొడుతున్నప్పుడు ఏడవనివాడు అప్పుడు ఏడ్చాడు.

ఫల్గుణ తాళం కింద వెల్లకిలా దూరి, చేతులతో తడుముతూ చాలాసేపు కనిపించకుండా పోయాడు. తర్వాత వాడి గొంతు మాత్రం వచ్చింది.

"దొరికింది. తాళం నుంచి కాయిలుకు పోయే తీగ ఇది. సక్రం రాడ్డు పక్క నుంచి పోవాల, దానికి తగలకుండా. ఎవుడో దీన్ని రాడ్డు దగ్గరికి లాగి కట్టినాడు. మీద తొడుగు కత్తితో గీకీసినాడు. రాగి కనపడతంది. రాడ్డు మీద ఒక బోల్టుంది. కుడికి పూరాగా తిరిగితే ఆ బోల్టొచ్చి రాగికి తగుల్తంది. కరెంటంతా ఇనుములోకి పోతంది. ఇంజనుకు అందదు. ఇంజను తిరక్కపోతే ఈ బండికి బ్రేకూ రాయే."

"ఎలక కొరికీసుంటాది" అన్నాడు వరహాలు.

"ఎలక నార ముడెయ్యదు మావా."

గుంపు ఒక్కసారిగా కేబిన్ మీద పడింది. యర్రయ్య తుపాకీ మడమతో అందరినీ వెనక్కి తోసి, రాజులమ్మను ముందు చూడమన్నాడు. ఆమె ఎక్కి, సీటు కిందికి వంగి, ఫల్గుణ వేలు పెట్టి చూపించిన చోటికి తల దూర్చింది. వైరింగువాళ్లు వాడే నల్ల టేపు కాదు. అడ్డాకు తీగ నార. కొండ మీద ప్రతి ఇంట్లోనూ ఉండేదే, విస్తరాకుల కట్టలు కట్టేదే. నారలో ఏముంది? ఏమీ లేదు. ముడిలో ఉంది.

రాజులమ్మ తండ్రి జీలుగు చెట్లెక్కి కల్లు దించేవాడు. వయసులో ఉండగా ఎలుగుబంటి ఆయన కుడి బొటనవేలు కొరికేసింది. అప్పటినుంచి ఎడమ చేత్తోనే కుండలు కట్టేవాడు. అందరి ముడీ ఒక వైపు తిరిగితే ఆయన ముడి రెండో వైపు తిరిగేది. కొసను కిందినుంచి రెండుసార్లు దోపేవాడు. తెలియనివాడు దాన్ని విప్పలేడు, కోయాల్సిందే. ఊళ్లో అందరూ ఆ ముడిని వెక్కిరించేవాళ్లు. ఎవరూ నేర్చుకోలేదు. ఆయన ఒళ్లో కూర్చుని పెరిగిన ఇద్దరు పిల్లలకు మాత్రం వేరే ముడి రాదు.

ఆమె అరచెయ్యి దానంతటదే వెళ్లి ఆ ముడిని కప్పేసింది.

చిట్టి శవాన్ని లోయలోంచి భుజాన మోసుకొచ్చింది వరహాలే. గొయ్యి తవ్వింది వాడే. రోజూ పొద్దున్నే వచ్చి, అక్క తిన్నదాకా గుమ్మంలో కూర్చుని కదిలేవాడు కాదు. అదంతా అబద్ధమా? కాదు. అబద్ధం కాదని ఆమెకు తెలుసు, అందుకే ముడి మీది చెయ్యి తీయలేకపోయింది. ఈ లారీ సంత జనాన్ని ఎక్కించుకోవడం మొదలుపెట్టాక వరహాలు జీపు ఖాళీగా తిరిగింది. ఆ రోజుకు ముందు సాయంత్రం లారీ జీలుగువలసలోనే ఆగింది, రాత్రంతా అక్కడే ఉంది. తెల్లారి అది పైకి ఎక్కాలి, మిరియాల బస్తాలకు పోవాలి. కానీ సంత జనం బతిమాలితే భీముడు ముందు కిందికి దింపాడు.

"ఏటత్తా?" అన్నాడు ఫల్గుణ. "ఎవుడి ముడో తెలిసిందా?"

ఒక్క మాట చెబితే తమ్ముడు పోతాడు. చెప్పకపోతే ఆ ముడి కూడా భీముడి మీదే పడి వాడు పోతాడు, చిట్టిని చంపినవాడు రోజూ గుమ్మంలో కూర్చుని తనకు గంజి పోస్తాడు.

"లే అప్పా" వరహాలు గొంతు మెడ వెనకే వినిపించింది. ఎప్పుడు ఎక్కాడో ఎక్కాడు. చేతిలో గొడ్డలి ఉంది. "లే. ఆ నార తెంపి పారీసీ. పోనోళ్లు పోనారు. ఇంకెందుకీ గొడవ?"

"తెంపొద్దు!" ఫల్గుణ అడ్డం వచ్చాడు. "పోలీసోలికి సూపాల. ఇదొక్కటే మా అన్నకు..."

వరహాలు గొడ్డలితో వేటు వేశాడు. ముడి మీదకే వేశాడేమో, ఆమెకు తెలియదు. అడ్డం వచ్చిన ఫల్గుణ భుజంలో అది దిగింది. ఎముక విరిగిన చప్పుడు రాజులమ్మ చెవికి ఆనుకుని వినిపించింది. వెచ్చగా ఏదో ఆమె మొహం మీద చిమ్మింది. ఫల్గుణ అరవలేదు. తన భుజంలో ఇనుము ఎందుకుందా అని చూసుకుంటూ పక్కకు ఒరిగాడు. వరహాలు వాడి మీద కాలు తన్నిపెట్టి గొడ్డలి పీక్కున్నాడు. కిందికి దూకాడు. తిన్నగా బంపరు దగ్గరికి పోయాడు.

"అయిందేదో అయిపోవాల ఈయేల!" అని అరుస్తున్నాడు. "లారీ ఎవుడిది? నడిపిందెవుడు? మీ పిల్లల్ని సంపిందెవుడు? అలా సూత్తారేటిరా?"

భీముడి జుట్టు పట్టి మెడ వంచాడు. గుంపులో కొందరు వద్దని అరిచారు. ఒకరిద్దరు ఇంకా "ఏసీరా ఈడ్ని" అన్నారు. యర్రయ్య తుపాకీలో మందు కూరుతున్నాడు, తొందరలో సగం మందు నేల మీద పోస్తున్నాడు. గొడ్డలి లేచింది.

"ఆ ముడి మా అయ్యది!"

కేబిన్ గుమ్మంలో నిలబడి రాజులమ్మ అంది. మొహం నిండా ఫల్గుణ రక్తం. గొంతు ఆమెది కానట్టే ఉంది.

"బొటనేలు నేని మా అయ్య ముడి. ఈ కొండ మీద అందరికీ ఎరికే ఆ ముడి, నవ్వీవోరు గదా. ఆయన పోయి ఏళ్లయింది. ఆ ముడెయ్యడం వొచ్చినోలం ఇద్దరమే మిగిలినాం." ఊపిరి తీసుకుంది. "నానెయ్యనేదు."

ఎత్తిన గొడ్డలి ఎత్తినట్టే ఉండిపోయింది. వరహాలు అక్క వైపు తిరిగాడు. వాడి మొహంలో కోపం లేదు, భయం లేదు. చిన్నప్పుడు కుండ పగలగొట్టి నిలబడినప్పటి మొహం అది.

"ఎక్కీటప్పుడు ఆగాలనుకున్నానప్పా" అన్నాడు. "ఎక్కీటప్పుడు ఆగితే ఏటవుద్ది? బండి నిలబడిపోద్ది. పరువు పోద్ది. జనం నా జీపెక్కుతారు. అంతే అనుకున్నాను. కిందికి దిగుద్దని నాకేటి తెలుసు? గుంట దాని మీదుంటాదని నాకేటి తెలుసప్పా?"

గొడ్డలి వాడి చేతిలోంచి జారి రోడ్డు మీద పడింది.

ఇప్పటిదాకా వాడి మాట మీద భీముడిని కొట్టిన చేతులే వాడి మీదకు లేచాయి. మొదటి రాయి నుదురు చీల్చింది. రెండోది నోటి మీద పడింది. వాడు తప్పించుకోలేదు, చేతులు అడ్డం పెట్టుకోలేదు. తమ్ముడిని పోగొట్టుకున్నవాడు అంబు సంధించాడు. దగ్గరివాళ్లు కర్రలు అందుకున్నారు.

రాజులమ్మ కేబిన్లోంచి దూకింది. కాలు బెణికి పడింది, లేచింది. గుంపును మోచేతులతో చీల్చుకుంటూ వచ్చింది. ఒక కర్ర ఆమె వీపు మీద పడింది, కొట్టినవాడే భయపడి వెనక్కి తగ్గాడు. ఆమె వంగి రోడ్డు మీది గొడ్డలి అందుకుంది. తమ్ముడికి వీపు ఆనించి, సంధించిన అంబుకు ఎదురుగా నిలబడింది.

"ఎవుడూ సెయ్యెయ్యొద్దు" అంది.

"నెగు రాజులమ్మా, పక్కకు నెగు" అన్నాడు యర్రయ్య. తుపాకీ ఈసారి నిండి ఉంది. "ఆడ్ని కాసుకుంటావేటి? నీ గుంటని సంపినోడు."

వెనక నుంచి తమ్ముడి ఊపిరి ఆమె మెడకు తగులుతోంది. వాడు ఏడుస్తున్నాడు. చిట్టిని మోసుకొచ్చిన రోజున కూడా ఇలాగే ఏడ్చాడు. గొడ్డలి కర్ర రక్తంతో జారుతుంటే ఆమె రెండు చేతులతో బిగించి పట్టుకుంది. కాపాడటానికో, చంపడానికో గుంపులో ఎవరికీ తెలియలేదు. నిజం చెప్పాలంటే ఆమెకూ తెలియదు.

"గుంట నాది. ఈడూ నావోడే" అంది రాజులమ్మ, వాడి వైపు తిరుగుతూ. "ఈడ్ని నాకొగ్గీండి."